ఒక సైజు పెద్దది

“నీళ్లల్ల మునిగితే నిన్నెవరు తీస్తరే?” అన్నాను నేను.

అప్పటికి మా ఎవాంజెలిన్ నీళ్ల మాటే ఎత్తలేదు. ఆఫీసు నుంచి వచ్చి గడపలో చెప్పులు విడిచి, సంచి ఇంకా భుజాన ఉండగానే “అమ్మా, నీకొక సంగతి చెప్పాలె. కూసుంటేనే చెప్త” అన్నది. అంతే. నేను కూర్చోలేదు. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

“పిల్ల ఇంకా నోరే తెరవలే. అప్పుడే ముంచినవా?” అని మా ఆయన జోసెఫ్ పేపరు వెనక నుంచి నవ్వాడు.

నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. పోయిన నెల ఆఫీసువాళ్లతో కలిసి వైజాగు పోయి వచ్చినప్పటి నుంచి నాకు అనుమానంగానే ఉంది. సంచి దులిపితే ఇసుక రాలింది, అది సరే. చుడీదారు నానబెడితే బకెట్‌లో నీళ్లు ఉప్పగా అయ్యాయి. నాలుక మీద ఒక చుక్క వేసుకొని మరీ చూశాను. ఒడ్డున కూర్చుని అలలు చూసి వచ్చిన పిల్ల బట్టలకు అంత ఉప్పెందుకు పడుతుంది? ముక్కు మీద తోలు లేచిపోయి ఉంది. అడిగితే “ఎండ” అన్నది. ఆ ఎండ ఒడ్డున తగిలిందా, నడి సముద్రంలో తగిలిందా అని అడగడానికి ధైర్యం చాలక ఊరుకున్నాను.

మాధాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల బిల్డింగులో దాని ఉద్యోగం. రెండు వేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లకు తారీఖులు అర్థంకాక తికమక పడతాయట. అట్లా కాకుండా వీళ్లు ఇప్పటి నుంచే సరిచేస్తున్నారట. ఇంకా రాని కష్టానికి ముందే భయపడితే జీతం ఇచ్చే కంపెనీలు ఉన్నాయని అప్పుడే తెలిసింది నాకు. అదే పని నేను ఇంట్లో ఊరికే చేస్తున్నాను. లిఫ్టు మధ్యలో ఆగితే? షేర్ ఆటో కొండాపూర్ మలుపులో పల్టీ కొడితే? సాయంత్రం హఫీజ్‌పేట్ గేటు పడి, చీకటైపోయి, పిల్ల పట్టాలు దాటుతుంటే? ఇవన్నీ అది ఇల్లు చేరేలోపల నా తలలో ఒకటి తర్వాత ఒకటి జరిగిపోయి ఉంటాయి. అందుకే అది గడప ఎక్కగానే ఏదో గెలిచినట్టు ఉంటుంది నాకు. మళ్లీ పొద్దునకు మొదలు.

“ఇగ చెప్పవే” అన్నాడు జోసెఫ్.

అది చెప్పింది. ఆఫీసులో పని నేర్పడానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రెగ్ అనే ఆయన ఉన్నాడు. మధ్యలో సెలవు పెట్టి శ్రీలంక పోయి, అలల మీద పలక వేసుకొని ఆడొచ్చాడు. వచ్చేటప్పుడు ఆ పలకలు రెండు వెంట తెచ్చుకున్నాడు. సర్ఫ్ బోర్డులు అంటారట వాటిని. పోయిన నెల వైజాగుకు ఒకటి పట్టుకొచ్చాడు. దాని మీద మా పిల్లను బోర్లా పడుకోబెట్టి, అల వచ్చినప్పుడు వెనక నుంచి తోశాడు.

“ఒక్కసారే అమ్మా. అల ఎనక నుంచి వచ్చి ఎత్తుకున్నది. నేనేం చెయ్యలే. అదే ఒడ్డుదాక తీస్కపోయింది.”

సముద్రం గురించి ‘తీస్కపోయింది’ అన్న మాట అంత సంతోషంగా చెప్పిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

గ్రెగ్ వచ్చే నెల వాళ్ల దేశం వెళ్లిపోతున్నాడు. రెండు బోర్డుల్లో ఒకటి మా పిల్లకు ఇచ్చి పోతానన్నాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఏది కావాలో దాన్నే చెప్పమన్నాడు. వచ్చే శుక్రవారం అందరూ గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు మళ్లీ వైజాగు పోతారు. రైల్లో పట్టుకుపోయేది ఒకటే. రెండోది గ్రెగ్ ఈలోపే కట్టించి వాళ్ల ఊరికి పంపేస్తాడు. దీనితో ఆఫీసులో పనిచేసే స్నేహితురాలు కృష్ణప్రియ పుట్టిల్లు వైజాగులోనే. బోర్డు అక్కడే ఉంటుంది. ఇది సెలవు దొరికినప్పుడల్లా పోయి నేర్చుకుంటుంది.

“సెలవు దొరికినప్పుడల్లానా?” అన్నాను.

“దొరికినప్పుడల్లా కాదు, దొరికితే.”

“అంటే ఒక్కసారితోని పోయేది కాదు ఇది.”

“కాదు” అన్నది. మెల్లగానే అన్నది గానీ గట్టిగా అన్నది.

వద్దు అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకో చెబుతాను. సైకిల్ నేర్చుకుంటానంటే వద్దన్నాను. పక్క వీధి పిల్ల సైకిల్ మీద నేర్చుకొని, మోకాలి మీద పుండు గౌనుతో కప్పుకొని వారం రోజులు తిరిగింది. పుండు ముదిరాక గానీ నాకు తెలియలేదు. నేను వద్దంటే అది మానదు, నాకు చెప్పడం మానుతుంది. ఈసారి చెప్పింది. చెప్పినందుకైనా తొందరపడి నోరు జారొద్దు అనుకున్నాను.

“నేను చూడాలె ముందు ఆ పలకను” అన్నాను.

“చిన్నదే తీసుకుంటనే అమ్మా నేను. బోర్డు మస్తుంటది చూడు. కత్తి లెక్క.”

అది చిన్నది అనగానే నాకు సగం ప్రాణం కుదుటపడింది. చిన్న పలక అయితే చిన్న దూరం. ఒడ్డునే ఆడుకుంటుంది. పెద్దదైతే ఎంత దూరం ఈడ్చుకుపోతుందో. నా లెక్క అది.

దాని లెక్క వేరు. అది నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి దానికి నేను ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొన్నాను. పెరిగే పిల్ల కదా. యూనిఫాం గౌను కింద జానెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టేదాన్ని, ఏడాదికి ఒక మడత విప్పేదాన్ని. విప్పిన చోట పాత మడత గీత కనిపించేది. మూడో తరగతిలో బడి పిల్లలు ఆ గీతలు లెక్కపెట్టి దీని వయసు చెప్పేవాళ్లట. బూట్ల ముందు భాగంలో పేపరు ఉండలు కుక్కి తొడిగేదాన్ని. క్రిస్మస్ గౌను భుజాల మీద నుంచి జారిపోతుంటే పిన్నీసులు పెట్టేదాన్ని. అది పెరిగి వాటికి సరిపోయే సమయానికి అవి వెలిసిపోయేవి. అందుకే మొదటి జీతం రాగానే అమీర్‌పేటలో టైలర్ దగ్గరికి పోయి కొలతలిచ్చి చుడీదారు కుట్టించుకుంది. వేసుకొని అద్దం ముందు నిలబడి, “ఇగ నుంచి అన్ని నా సైజువే” అన్నది. నేను పక్కనే ఉన్నాను. ‘కొంచెం వదులు పెట్టించుకోవాల్సింది’ అనబోయి మింగేశాను.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి గ్రెగ్, కృష్ణప్రియ వచ్చిన సుమో మా ఇంటి ముందు ఆగి ఉంది. పైన తాళ్లతో కట్టి రెండు పొడుగాటి సంచులు. డ్రైవరు, గ్రెగ్ కలిసి దించి మా వసారాలో పెట్టారు. పెద్దదాన్ని వెండి రంగు కవరులో అట్లా నేల మీద అడ్డంగా పడుకోబెట్టేసరికి నా చేతిలో బైబిల్ జారబోయింది. తల వైపు వెడల్పు, కాళ్ల వైపు సన్నం. మనిషి కన్నా పొడుగు. నేను ఎన్ని చావు ఇళ్ల వసారాల్లో చూడలేదు అట్లాంటి పెట్టె! పూలు ఒక్కటే తక్కువ.

“ప్రభువా” అన్నాను పైకే.

పక్కింటి చంద్రమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, “ఏంది మార్తమ్మొదినా, ఇస్త్రీ బల్లనా? గింత పొడుగెందుకు, ఊరందరి చీరలు ఇస్త్రీ చేస్తరా?” అన్నది. ఆ మాటకు నేనూ నవ్వాను గానీ కళ్లు మాత్రం దాని మీది నుంచి తీయలేకపోయాను.

కవర్లు విప్పారు. చిన్నది నిజంగానే ముద్దుగా ఉంది. తెల్లగా, అంచు దగ్గర ఎర్ర గీత, ముందు కొస సూదిలా. చంకలో పెట్టుకొని బస్సెక్కొచ్చు. మా పిల్ల దాన్ని పక్కన నిలబెట్టుకుంటే ఇద్దరు అక్కచెల్లెళ్లు నిలబడ్డట్టు ఉంది. దాని ఎత్తుకు కొంచెమే ఎక్కువ. పెద్దదేమో మా తలుపు ఎత్తును దాటింది. పసుపు పచ్చగా, మందంగా, ముక్కు గుండ్రంగా, ఏ అందమూ లేకుండా ఉంది.

“ఇదే” అన్నది ఎవాంజెలిన్ చిన్నదాని మీద చెయ్యేసి.

“ఇదే” అన్నాను నేను.

జీవితంలో మేమిద్దరం ఒక వస్తువు దగ్గర ఒక్క మాట మీద ఉండడం అదే మొదటిసారి అనుకుంటాను. జోసెఫ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

గ్రెగ్ తల అడ్డంగా ఊపాడు. మంచి మనిషి, మెడంతా ఎండకు కమిలి ఎర్రగా ఉంటుంది. నన్ను ‘అమ్మా’ అనడం, ‘బాగుంది’ అనడం నేర్చుకున్నాడు. మిగతాదంతా కృష్ణప్రియ తెలుగులో చెప్పింది.

“కొత్తగా నేర్చుకునేవాళ్లకి పెద్దదే మంచిదంటున్నాడండి ఆంటీ. పొడుగు, వెడల్పు, మందం ఎంత ఉంటే అంత బాగా తేలుతుందట. చిన్నది బాగా వచ్చినవాళ్లకంట.”

“చిన్న సైకిల్ మీద నేర్చుకున్నంకనే గద పెద్ద సైకిల్ ఎక్కుతరు? ఎక్కడన్న పెద్దదాంతోని మొదలువెడ్తరా?” అన్నాను.

కృష్ణప్రియ ఆ మాట ఇంగ్లీషులో చెబితే గ్రెగ్ గట్టిగా నవ్వి ఏదో అన్నాడు.

“ఇది సైకిల్‌కి తిరగేసినట్టుంటుందంటున్నాడండి. పిల్లలు పెద్దదాని మీద మొదలుపెట్టి, పని వచ్చేకొద్దీ చిన్నదానికి వస్తారట.”

“ఆయన మాత్రం చిన్నదే తొక్కుతడు” అన్నది మా పిల్ల. “నేను ఆ పసుపుదాని మీద ఎక్కితే బీచి మీద అందరు నవ్వుతరు. పడవెక్కినట్టుంటది.”

“ఈ తాడేంది?” అన్నాను నేను. బోర్డు తోక దగ్గర ఒక రబ్బరు తాడు వేలాడుతోంది. దాని చివర పట్టీ ఉంది.

“అది కాలికి కట్టుకుంటారండి. పడిపోయినా బోర్డు దూరం పోకుండా.”

“కాలికి తాడు కట్టుకొని సముద్రంలకు దిగుతరా? తలకాయ కిందికైతే?”  ఆ తాడు, ఆ పెట్టె ఆకారం, పిల్ల ముఖంలో ఆ సంబరం, మూడూ ఒకేసారి చూడలేకపోయాను. లోపలికి పోయి కూర గిన్నె మూత తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ బయటికి వచ్చి చెప్పేశాను.

“ఏదైన గానీ. ముందు నా కండ్ల ముందట దిగాలె. సముద్రం ఇక్కడికి రాదు గద, చెరువుల దిగు. నేను ఒడ్డుకు నిలవడ్త. చూసినంకనే శుక్రారం సంగతి.”

అది ఒప్పుకోదనుకున్నాను. ఎగిరి గంతేసింది.

అన్నాలు తిని, మాధాపూర్ వెనక రాళ్లగుట్టల మధ్య ఉన్న దుర్గం చెరువుకు పోయాం. సుమో పోయినంత దూరం పోయింది, ఆ తర్వాత బోర్డులు తల మీద పెట్టుకొని నడిచారు. నేను ఇంటి నుంచి బట్టలారేసే నైలాన్ తాడు మొత్తం విప్పి చుట్టచుట్టి చంకలో పెట్టుకొచ్చాను. దాన్ని తెచ్చి పిల్ల నడుముకు కడుతుంటే కృష్ణప్రియ మొహం తిప్పుకొని నవ్వింది.

“అమ్మా, ఇజ్జత్ పోతది” అన్నది ఎవాంజెలిన్.

“ఇజ్జత్ నీళ్లల్ల పడితే తేలుతది. నువ్వు పడితే తేలవు” అన్నాను. ముడి రెండుసార్లు వేశాను.

గ్రెగ్ జేబులో నుంచి మైనం ముద్ద తీసి బోర్డుల మీద రుద్దాడు, కాలు జారకుండా. చర్చిలో కొవ్వొత్తి వాసనే వచ్చింది. అది నాకు కొంచెం ధైర్యమో, ఇంకొంచెం భయమో, ఏదో ఒకటి ఇచ్చింది.

ముందు చిన్నది. గ్రెగ్ మొలలోతు నీళ్లలో నిలబడి పట్టుకున్నాడు. పిల్ల దాని మీద బోర్లా పడుకోగానే బోర్డు కనిపించకుండా పోయింది. నీళ్ల పైన పిల్ల ఒక్కతే పడుకున్నట్టు ఉంది. నీళ్లు దాని గడ్డం దాకా వచ్చాయి. చేతులతో నీళ్లు తోసింది, ముందుకు పోలేదు. ఇంకొంచెం గట్టిగా తోసింది. బోర్డు ఒక పక్కకు ఒరిగి, అది అటు పడింది. తల మునిగింది.

నేను తాడు గుంజాను. నాకున్న బలమంతా పెట్టి గుంజాను. పైకి లేవబోతున్న పిల్ల ఆ గుంజుకు మళ్లీ నీళ్లలోకి పోయింది.

“గుంజకే! అమ్మా, గుంజకే!” అని దగ్గుతూ అరిచింది. “నిలవడనీయ్! గీడ నేల అందుతది!”

నిజమే, లేచి నిలబడితే నీళ్లు దాని రొమ్ము దాకానే ఉన్నాయి. జోసెఫ్ నా చేతుల మీద చెయ్యి వేసి తాడు వదులు చేయించాడు. “నువ్వే ముంచుతవు పిల్లను” అన్నాడు. ఈసారి నవ్వుతూ అనలేదు.

అది మళ్లీ ఎక్కింది. మళ్లీ పడింది. ఎన్నిసార్లో. పడ్డ ప్రతిసారీ వెంటనే ఎక్కేది. భుజాలు వణుకుతున్నాయి, పెదాలు నీలంగా అయ్యాయి, అయినా ‘ఇంకొక్కసారి’ అనేది. చివరికి గ్రెగ్ ఆ బోర్డును దాని కింద నుంచి లాగేసి పసుపుదాన్ని తెచ్చి పెట్టాడు.

పసుపుది కదలలేదు. పిల్ల ఎక్కితే నీళ్లకు తెలిసినట్టే లేదు. బోర్డు మీదికి నీళ్లు రాలేదు. రెండు చేతులు వేసింది, ముందుకు జారింది. ఇంకో రెండు వేసింది. మేం నిలబడ్డ రాయి దగ్గర నుంచి చెరువు నడుమ వైపు, ఏ చప్పుడూ లేకుండా. కాసేపటికి లేచి కూర్చుంది. ఇంకాసేపటికి మోకాళ్ల మీద లేచింది. చేతులు రెండూ చాపి, అటూ ఇటూ ఊగి, ఆగింది.

“తాడు అయిపోయింది” అన్నాడు జోసెఫ్.

అప్పుడు చూసుకున్నాను. నేను ఒడ్డున లేను. మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నాను, చర్చికి కట్టుకున్న చీరతోనే. చెప్పు ఒకటి బురదలో ఎక్కడో ఉండిపోయింది. తాడు చివర నా పిడికిట్లో ఉంది. ఆ చివర నా పిల్ల అలసట తీర్చుకోవడానికి ఆ పలక మీద వెల్లకిలా పడుకొని ఆకాశం చూస్తోంది. రెండు కాళ్లు అటొకటి ఇటొకటి నీళ్లలో వేలాడేసింది. మా వసారాలో నన్ను భయపెట్టిన అదే పలక మీద.

ఒడ్డుకొచ్చాక టవల్ కప్పుకొని నిలబడి అన్నది. “చిన్నదే తీసుకుంట.”

గ్రెగ్ తల పట్టుకున్నాడు. కృష్ణప్రియ, “అది కాదే, చూశావుగా నువ్వే. అలలొస్తే దాని మీద నిలబడటం ఎంత కష్టమో” అంటూ నచ్చజెప్పింది. “మా అన్నయ్య పక్కనే ఉంటాడనుకో, ఈత బాగా వచ్చు వాడికి. అయినా బోర్డు తేలకపోతే వాడు మాత్రం ఏం చేస్తాడు?”

“నేర్చుకుంట. అన్ని నేర్చుకోలేదా? ఎప్పుడైన నా సైజుది నాకు ఉండొద్దా?” అన్నది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి గానీ మాట వణకలేదు.

జోసెఫ్ నన్ను ఒక రాయి పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పాడు. “ఊకో. చిన్నదే కానీయ్. రెండు మూడుసార్లు పోతది, నీళ్లు మింగుతది, నిలవడనే నిలవడది. యాష్టకొచ్చి మానుకుంటది. ఆ బోర్డు వైజాగుల ఎవరింట్లనో మూలకు పడుంటది. నీ ఫికర్ తీరుతది. నువ్వు వద్దన్నట్టు కూడ ఉండదు.”

అతను చెడ్డ మాట చెప్పలేదు. నా మనసులో అప్పటికే ఉన్న మాటే చెప్పాడు. అది చిన్నదాని మీద మునుగుతున్నప్పుడే నాకు తోచింది: ఇదే ఇస్తే చాలు, సముద్రమే దీన్ని ఇంటికి తోలేస్తుంది. నేను నోరు తెరవకుండా ఊరుకుంటే చాలు. ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం కదా, పొద్దున ‘ఇదే’ అన్నాను కదా. మాట మార్చినట్టు కూడా కాదు.

కానీ మానుకునే పిల్ల ఎవరు? జోసెఫ్‌కు ఏ పిల్ల గుర్తొచ్చి ఆ మాట అన్నాడో నాకు అర్థం కాలేదు. మోకాలు చీము పట్టినా సైకిల్ దిగని పిల్ల ఇది. ఇప్పుడే కళ్ల ముందు పెదాలు నీలమయ్యేదాకా ఎక్కుతూనే ఉంది. అక్కడ చెరువు కాదు. అక్కడ నేను ఉండను, తాడు ఉండదు. ఇది పడుతుంది, ఎక్కుతుంది, పడుతుంది, ఎక్కుతుంది. చేతులు లేవనంత అలసిపోయే సమయానికి ఒడ్డు ఎంత దూరంలో ఉంటుందో ఎవరికి తెలుసు? అప్పుడు దాని కింద ఏం ఉండాలి? గడ్డం దాకా ముంచే ఆ ఎర్ర గీతదా?

నా భయాలు అన్నీ ఇంతకాలం దాన్ని పోకుండా ఆపడానికే పనికొచ్చాయి. ఇది పోయేదే అనుకొని భయపడటం నాకు ఆ రోజు దాకా తెలియదు. అట్లా భయపడితే వేరే సంగతులు కనిపిస్తాయి.

వెనక్కి వచ్చాను. తడి చీర కాళ్లకు అంటుకుపోతోంది.

“బిడ్డా, పెద్దది తీస్కో” అన్నాను.

అది నా వైపు చూసిన చూపు నేను చెప్పలేను. చెంపదెబ్బ తిన్నట్టు చూసింది.

“పొద్దున ఇదే అన్నవు గద?”

“అన్న. పొద్దున నాకు తెల్వదు.”

“మల్ల పెద్దదేనా? ఇది గూడ పెరిగే పిల్లకేనా? నాకు ఇరవై మూడేండ్లే అమ్మా! ఇగ పెరగను!”

గ్రెగ్‌కు మాటలు అర్థం కాకపోయినా అటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టాడు. కృష్ణప్రియ నేల చూసింది.

“నువ్వు పెరుగుతవని కాదు” అన్నాను. “అలసిపోతవు. అలసిపోయినప్పుడు పండుకోనీకి జాగ ఉండాలె. చిన్నదాని మీద నీకు జాగ లేదు. నేను చూసిన. నేను పోవద్దంటలేను. పెద్దది తీస్కొని పో అంటున్న.”



అది టవల్ ఇంకొంచెం బిగించుకొని నడిచి పోయి సుమోలో కిటికీ పక్కన కూర్చుంది. నేను వంగి బురదలో చెప్పు కోసం వెతికాను, దొరకలేదు. ఉన్న ఒక్కటి చేత్తో పట్టుకొని ఎక్కాను.

 పైన బోర్డులు గాలికి ఊగి తాళ్లు కీచుమంటున్నాయి. ఆ గుండ్రటి అద్దాల బిల్డింగు పక్క నుంచే పోయాం. సాయంత్రం ఎండకు ఒక పక్కంతా మండుతున్నట్టుంది. మామూలుగా అయితే ‘అదిగో నా కిటికీ’ అని చూపించేది. చూడనే లేదు. కొండాపూర్‌లో రాళ్లు పగలగొట్టి కొత్త రోడ్డు వేస్తున్నారు, అక్కడ కుదుపుకు దాని భుజం నా భుజానికి తగిలింది. తీసేసుకోలేదు, ఆనుకోనూ లేదు. హఫీజ్‌పేట్ గేటు పడి ఉంది. రైలు వచ్చింది, పోయింది. గేటు లేచింది. దాని జుట్టులో నుంచి నీళ్లు నా మోచేతి మీద పడుతూనే ఉన్నాయి. తుడుచుకో, జలుబు చేస్తుంది, అది ముదిరి ఛాతీకి పట్టుకుంటుంది అని నాలుక చివర దాకా వచ్చింది. దేవుడి దయ వల్ల ఆపుకున్నాను.

ఇంటి ముందు దిగాం. సుమోవాడు ఇంజిన్ ఆపలేదు. గ్రెగ్ దిగి, పైన తాళ్ల మీద చెయ్యేసి మెల్లగా ఏదో అడిగాడు.

“రాత్రికే ఒకటి కట్టి పంపాలటే” అన్నది కృష్ణప్రియ, దాని మొహం చూడకుండా. “ఏది కట్టమంటావని అడుగుతున్నాడు.”

చంద్రమ్మ మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. నా తడి చీర చూసి, చేతిలో ఒంటి చెప్పు చూసి, ఆఖరికి నా ముఖం చూసి గోడ వెనక్కి దిగిపోయింది. ఎవాంజెలిన్ వసారా మెట్టు మీద కూర్చుంది. తాడు ఇంకా నడుముకే ఉంది, విప్పడం ఎవరికీ తోచలేదు. నేను పక్కన కూర్చొని ముడి విప్పడం మొదలుపెట్టాను. తడికి నైలాన్ బిగుసుకుపోయింది. రెండుసార్లు వేసింది నేనే కదా. గోళ్లతో లాగాను, పంటితో లాగాను. అది నన్ను లాగనిచ్చింది. ఒక ముడి ఊడింది. గ్రెగ్ తాళ్ల మీద చెయ్యి తీయలేదు. జోసెఫ్ గేటు దగ్గరే నిలబడ్డాడు. సుమో పొగ వాసన. రెండో ముడి కూడా ఊడింది. తాడు నా ఒడిలో పడింది. అది కిందికి చూసి, చుడీదారు మీద తాడు వేసిన మడతను, ఆ అడ్డ గీతను, చేత్తో కాసేపు రుద్దుకుంటూ కూర్చుంది. గీత పోలేదు.

“చిన్నది కట్టెయ్యమను ప్రియా” అన్నది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. “పెద్దది నేను తీస్కపోత. కానీ ముందే చెప్తున్నా అమ్మా, దీన్ని లోపలికి మడిచి కుట్టనీకి రాదు.”